బోర్డు మీద ధర చెరిపి రాసిన రోజులు

సొసైటీ గోడౌన్ తలుపు పక్కన మేకుకి ఓ నల్లబోర్డు వేలాడేది. గోదావరి జిల్లాల్లో ఏ ఊరి సొసైటీకి వెళ్ళినా అదే బోర్డు, అవే మూడు వరసలు. యూరియా 117.50, భాస్వరం కోసం వేసే డీఏపీ 180, పొటాష్ 65. అన్నీ 50 కిలోల బస్తాకే. 1986 నుంచి మారని ధరలు కాబట్టి ఆ అంకెల్ని మళ్ళీ సుద్దముక్కతో దిద్దాల్సిన పని ఎవరికీ పడలేదు. సుద్ద వెలిసిపోయి, బోర్డుకే పుట్టుమచ్చల్లా అంటుకుపోయి ఉండేవి. రైతులెవరూ ఆ బోర్డు చదివేవారు కాదు, ధర నోటికి వచ్చు మరి.

1991 జూలై 24, బుధవారం సాయంత్రం మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదివారు. ఎరువుల ధర 40 శాతం పెంచారు. మర్నాడు బోర్డు మీద యూరియా 165. రోజు చూడండి. ఎగువ కాలవల కింద ఊడ్పులు అయిపోవచ్చాయి. శివారు భూములకి నీళ్ళు ఆలస్యంగా దిగుతాయి కాబట్టి వాళ్ళకి అప్పుడే దమ్ములు, అంటే ఊడ్పుకి ముందు నీళ్ళు పెట్టి దున్నడం. డీఏపీ వేసేది ఆఖరి దమ్ములోనే. ఎగువ రైతు పాత ధరకి వేసేసుకుని గట్టెక్కాడు. కాలవ చివర ఉన్నవాడికి నీళ్ళూ ఆలస్యమే, ఎరువూ కొత్త ధరకే. డెల్టాలో శివారువాడి రాత ఎప్పుడూ అంతే.

ఆ ప్రభుత్వానికి లోక్‌సభలో సొంత మెజారిటీ లేదు. ప్రతిపక్షాలతో పాటు సొంత పార్టీ ఎంపీలు కూడా గొడవ చేసేసరికి రెండు వారాల్లో 40 శాతం 30కి దిగింది. యూరియా 153, డీఏపీ 234, పొటాష్ 85. చిన్న, సన్నకారు రైతులకి, అంటే ఐదెకరాల లోపు వాళ్ళకి, పాత ధరకే ఇస్తామన్నారు. వినడానికి బాగుంది. కానీ గోదారి డెల్టాలో చేలో దిగి చేసేవాళ్ళలో చాలామంది కౌలుదార్లే. ఐదెకరాల లోపు అని రుజువు కావాలంటే భూమి కాగితం కావాలి, ఆ కాగితం ఆసామి పేరున ఉంటుంది. కౌలు నోటిమాట మీద నడుస్తుంది. ఎకరానికి ఇన్ని బస్తాలని మక్తా కట్టేవాడి దగ్గర చూపించడానికి అప్పట్లో చిన్న చీటీ కూడా ఉండేది కాదు. ఒకే సరుక్కి రెండు ధరలు పెడితే ఏమవుతుందో అదే అయింది. పేరు ఒకరిది, గోతం ఇంకొకరిది.

లెక్క బస్తాల్లో చూస్తేనే మనకి బోధపడుతుంది. ఎకరానికి రెండు యూరియా, ఒక డీఏపీ, ఒక పొటాష్ అనుకోండి. పాత ధరల్లో 480 రూపాయలు. 1990-91లో ధాన్యం మద్దతు ధర క్వింటాకి 205, అంటే 75 కిలోల బస్తా 153.75. మూడు బస్తాల చిల్లర ధాన్యం ఎరువుకి పోయేది. ఆగస్టు ధరల్లో అదే ఎరువు 625. మద్దతు ధరని 230 చేశారు కాబట్టి బస్తా 172.50. మూడున్నర దాటింది. చూడ్డానికి అర బస్తా తేడాయే. కానీ మక్తా పోగా కౌలుదారుకి మిగిలేది కూడా బస్తాల లెక్కే కదండీ.

అసలు దీనికంతటికీ మూలం కువైట్. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. చమురు ధర ఎగిసింది, గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ము ఆగింది, డాలర్లు దాచుకున్న ప్రవాసులు తీసేసుకోవడం మొదలుపెట్టారు. ఢిల్లీకి ఇది విదేశీ మారక సంక్షోభం. రాజోలు, మలికిపురం, నర్సాపురం వైపు మాత్రం మనుషుల సంక్షోభం. ఇళ్ళలో వంటపనికీ పిల్లల పనికీ వెళ్ళిన ఆడవాళ్ళు అమ్మాన్ దాకా ఎడారి దాటి, అక్కడ ఎయిరిండియా విమానం ఎక్కి, చేతి సంచితో దిగారు. కొందరి సంచుల్లో దినార్లున్నాయి. నిన్నటిదాకా ప్రపంచంలోకెల్లా ఖరీదైన నోటు, ఆ వారం మార్చేవాడు లేక ఉత్త కాగితం. ఆ తర్వాత చాలా ఏళ్ళకి ఐక్యరాజ్యసమితి పరిహారాల కమిషన్ ఇరాక్ చమురు డబ్బులోంచి మనిషికి 2,500 డాలర్లో 4,000 డాలర్లో ఇచ్చింది. వాళ్ళు తిరిగొచ్చిన నాటికి డాలరు పదిహేడున్నర రూపాయలు, అంటే 2,500కి 43,750. చెక్కులు వచ్చేనాటికి డాలరు 35 దగ్గరుంది, అదే చెక్కు 87,500 అయింది. రూపాయి పడిపోవడం కలిసొచ్చిన బాపతులో వీళ్ళూ ఉన్నారు, కాకపోతే అన్నేళ్ళు ఎదురుచూశాక.

1991 నడిమికి దేశం దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకి సరిపడా డాలర్లే మిగిలాయి. అప్పుడు బంగారం కదిలింది. మేలో, చంద్రశేఖర్ ప్రభుత్వం ఉండగానే, స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న 20 టన్నుల బంగారాన్ని స్టేట్ బ్యాంకు ద్వారా, మళ్ళీ కొనుక్కునే షరతుతో స్విట్జర్లాండ్ బ్యాంకుకి అమ్మి 20 కోట్ల డాలర్ల పైచిలుకు తెచ్చారు. జూలైలో రిజర్వ్ బ్యాంకు తన సొంత 46.91 టన్నుల్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టి 40 కోట్ల 50 లక్షలు తెచ్చింది. పేపర్లు దేశం పరువు పోయిందని రాశాయి. డెల్టా జనానికి అందులో అంత వింత కనపడలేదు. జూన్‌లో కాలవలకి నీళ్ళొదలగానే నగ బ్యాంకుకి వెళ్ళడం, సంక్రాంతికి ధాన్యం అమ్మాక తిరిగి రావడం ఇక్కడ ఏటా జరిగేదే. కాకపోతే మన తాకట్టులో అప్రైజరు గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి చూసి, లక్క, రాళ్ళు, తరుగు తీసేసి నికర తూకం రాస్తాడు. లండన్‌లో చెల్లే కడ్డీకి దాదాపు పన్నెండున్నర కిలోల తూకం, 99.5 శాతం స్వచ్ఛత ఉండాలి. మిగతాదంతా ఒకటే. సరుకు కళ్ళపడనిదే అప్పివ్వం అన్నారు వాళ్ళు. అందుకే బంగారాన్ని విమానాల్లో పంపాల్సి వచ్చింది. ఆ ఏడాది ముగిసేలోపే అప్పు తీర్చేశారు కూడా. సీజన్‌లో పెట్టి సీజన్‌లో విడిపించారన్నమాట, అది మాత్రం మంచి రైతు లక్షణమే.

పీవీ జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేశారు. అప్పటికి ఎంపీ కూడా కాదు. నవంబరులో నంద్యాల ఉపఎన్నికలో, తెలుగువాడు ప్రధాని అయ్యాడు కాబట్టి పోటీ పెట్టనని ఎన్టీఆర్ అన్నప్పుడు సైకిలు జెండాలు కట్టిన మా వైపు వీధుల్లో కూడా ఎవరూ కాదనలేదు. రెండు కాకా హోటళ్ళు, రెండు పార్టీలుగా బతికే ఊళ్ళు ఇవి. అక్కడ అంతటి ఏకాభిప్రాయం మళ్ళీ చూడలేదు. ప్రధాని మనవాడే, ఎరువు ధర మాత్రం మనది కాదు అని ఒక మాట అప్పట్లో తిరిగేది. రేషను పంచదార కిలో 5.25 నుంచి 6.10 అయింది. రెండు రూపాయల బియ్యం రాష్ట్రంలో మూడున్నరకి వెళ్ళింది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ మళ్ళీ గెలవడానికి కారణాలు చాలా చెప్తారు, ఈ రూపాయిన్నరని మాత్రం తక్కువ అంచనా వెయ్యకూడదు.

జనం 1991 అంటారు గానీ, మా నేలకి అసలు దెబ్బ 1992 ఆగస్టు 25న తగిలింది. ఆ రోజు డీఏపీ, పొటాష్‌ల మీద ధర నియంత్రణ ఎత్తేసి, యూరియాని మాత్రం ఉంచారు. ఉంచడమే కాదు, 10 శాతం తగ్గించారు. బస్తా 138. డీఏపీ మూడు వందలు దాటింది, పొటాష్ రెట్టింపు దాటింది. సగం సంస్కరణ అంటే ఇదే. మొత్తం ఎత్తేసినా ఒక పద్ధతి, మొత్తం ఉంచినా ఒక పద్ధతి. మూడు ఎరువుల్లో రెండింటిని బజారుకి వదిలి ఒకదాన్ని చవక చేస్తే చెయ్యి దేని మీదకి పోతుందో చెప్పడానికి ఆర్థికవేత్త అక్కర్లేదు.

ఈ తేడా ఎందుకొచ్చిందో కాకినాడ ఒడ్డున నిలబడితే కళ్ళకి కనపడేది. పక్కపక్కనే రెండు ఫ్యాక్టరీలు. గోదావరి ఫెర్టిలైజర్స్ డీఏపీ చేసేది. దానికి కావలసిన ఫాస్ఫారిక్ యాసిడ్, అమ్మోనియా ఓడల్లో రావాలి, డాలర్లు కట్టాలి. నాగార్జున ఫెర్టిలైజర్స్ 1992లోనే యూరియా ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని ముడిసరుకు కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాసు, మన చేల కిందినుంచే పైపులో వచ్చేది. రూపాయి విలువ 1991 జూలై 1న, 3న రెండు విడతలుగా తగ్గించినప్పుడు 21 రూపాయల డాలరు 26 దగ్గరికి వెళ్ళింది. ఆ భారం మొదటి ఫ్యాక్టరీ గేటు దగ్గర నేరుగా బస్తా మీద పడింది, రెండో దాని దగ్గర పడలేదు. ఇక పొటాష్ గనులు దేశంలో లేనే లేవు, ఎర్ర పలుకు ప్రతి ఒక్కటీ సముద్రం దాటి రావలసిందే.

దేశం మొత్తం మీద 1991-92లో నత్రజని, భాస్వరం, పొటాష్ వాడకం 5.9 : 2.4 : 1. మరుసటి ఏడు 9.5 : 3.2 : 1. ఒక్క ఏడాదిలో! కానీ చేలో ఆ ఏడాది ఏమీ కాలేదు. అక్కడే మోసపోయారు. డెల్టా ఒండ్రు నేలల్లో ఏళ్ళ తరబడి వేసిన భాస్వరం నిలవుంది, పొటాష్ సహజంగానే ఉంది. పొటాష్ మానేసినా వానాకాలపు సార్వా అలాగే పండింది, రెండో పంట దాళ్వా అలాగే పండింది. "చూశావా బావా, దండగ ఖర్చు తగ్గింది" అనుకున్నారు. పొటాష్ గింజలోకి పోయేది కొంచెమే, ఎక్కువ పాలు గడ్డిలో ఉంటుంది. కోసిన గడ్డి మేటు వేసి పశువులకి మేపి, పెంట చేలోకి తోలినంతకాలం అది తిరిగొచ్చేది. పశువులు తగ్గి గడ్డి అమ్ముకోవడం మొదలయ్యాక రాకడ లేదు, పోకడే. కింది ఆకులు కొసల నుంచి అంచుల వెంట ఎండుతూ రావడం, దుబ్బు మొదట్లో బలం లేక గింజ పాలు పోసుకునే వేళకి చేను పడిపోవడం, తాలు పెరగడం, ఇవన్నీ ఆనక ఒక్కొక్కటే వచ్చాయి.

యూరియా ఎక్కువైన చేను అందంగా ఉంటుంది. నల్లపచ్చగా, దుబ్బులు కమ్ముకుని, గట్టు మీద నిలబడ్డవాడికి కడుపు నిండిపోతుంది. సుడిదోమకి కావలసిందీ అదే. మెత్తటి కాడ, కింద నీడ, గాలాడని తేమ. దోమ ఆకు మీద ఉండదు, దుబ్బు మొదట్లో నీటి మట్టానికి కాస్త పైన గుంపుగా కూర్చుని రసం పీలుస్తుంది. గట్టు మీంచి చూస్తే ఏమీ కనపడదు. నాలుగు దుబ్బులు విడదీసి వంగి చూడాలి. చేను మధ్యలో గుండ్రంగా సుడులు సుడులుగా ఎండిన రోజున మనం చూస్తే మూడొంతులు అయిపోయినట్టే. దానికి మారుటేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ళు ఎప్పట్నించో చెప్పేవి మూడే. ఊడ్చేటప్పుడే ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల బాట వదలండి, దోమ పడితే ముందు నీళ్ళు తీసెయ్యండి, మందు దుబ్బు మొదట్లో తగిలేలా కొట్టండి. బాట వదిలితే దుబ్బులు తగ్గి దిగుబడి పోతుందని కూలీల మేస్త్రీల దగ్గర్నుంచి ఆసాముల దాకా అందరికీ భయం. నిజానికి బాట పక్క దుబ్బు వెలుతురు తగిలి ఎక్కువ పిలకలు వేస్తుంది.

యూరియాని సరిగ్గా వాడే పద్ధతి కూడా అప్పుడే మరుగునపడింది. 50 కిలోల యూరియాకి 10 కిలోల వేపపిండి కలిపి, లేకపోతే 250 కిలోల తడి మట్టి కలిపి, రెండు రోజులు కుప్ప పెట్టి, నీళ్ళు తీసి బురదగా ఉన్న చేలో చల్లి, మర్నాడో ఆ మర్నాడో నీళ్ళు పెట్టాలి. దమ్ములో ఓ వంతు, పిలక వేసేటప్పుడు ఓ వంతు, కంకి పుట్టే అంకురం దశలో ఓ వంతు. బస్తా ఖరీదైనంతకాలం ఇంత ఓపిక ఉంటుంది. చవకైతే, నిండా నీళ్ళున్న చేలో గట్టు మీంచి విసిరేసి వెళ్ళిపోతారు. అందులో బోలెడు గాలిలోకీ మురుగు కాలవలోకీ పోతుంది.

ఖాళీ గోతాల సంగతి ఒకటి చెప్పి ముందుకి వెళ్తాను. యూరియా గోతాలు కాలవలో ఉతికి, కుట్లు విప్పి, ఆరో ఎనిమిదో కలిపి పరదాలు కుట్టేవారు. ధాన్యం ఆరబెట్టినా, అకాల వర్షానికి రాశి మీద కప్పినా, పెళ్ళి పందిట్లో విస్తళ్ళ కింద వేసినా అవే. ఆ పరదా మీద ఏ కంపెనీ ముద్రలు ఎన్ని ఉన్నాయో చూస్తే ఆ ఇంట్లో ఏ ఎరువు ఎంత వాడారో తెలిసిపోయేది. తొంభైల నడిమికి వచ్చేసరికి ఆ పరదాల్లో పొటాష్ ముద్ర వెతుక్కోవాల్సి వచ్చింది.

అదే డాలరు ఇంకో దారిన లాభంగా దిగింది. రొయ్య. 1991 జూన్‌లో వంద డాలర్ల సరుకు ఎగుమతి చేస్తే చేతికి 2,100 వచ్చేది. 1992 మార్చి నుంచి నలభై పాళ్ళు సర్కారు రేటుకి, అరవై పాళ్ళు బజారు రేటుకి మార్చుకోనిచ్చారు. 1993 మార్చిలో రెండు రేట్లూ ఒకటై, వంద డాలర్లకి 3,100 దాటింది. అదనంగా ఒక్క రొయ్య పట్టకుండానే వెయ్యి రూపాయలు ఎక్కువ. భీమవరం, మొగల్తూరు, నర్సాపురం, అంతర్వేది, అల్లవరం, కాట్రేనికోన. ఉప్పుటేరు తగిలిన చోటల్లా వరి గట్లు లేచి చెరువు గట్లయ్యాయి.

రెండున్నర ఎకరాల చెరువు లెక్క ఇలా ఉండేది. లక్ష టైగర్ రొయ్య పిల్ల వేస్తే, అరవై పాళ్ళు బతికితే, నాలుగు నెలలకి 30 కౌంట్ వస్తే, రెండు టన్నులు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగాయని. 30 కౌంట్ కాస్తా 34 అయితే రొయ్య బరువు దాదాపు ఎనిమిదో వంతు తగ్గినట్టే, ధర అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. కిలో రొయ్యకి కిలోన్నర పైన మేత, అంటే మూడు టన్నుల పైచిలుకు. ఆ మేత అప్పట్లో తైవాన్, థాయ్‌లాండ్‌ల నుంచి వచ్చేది. వచ్చిన డాలర్లలో కొంత మళ్ళీ మేత సంచిలోనే పోయేదన్నమాట. మేత వేశాక దాని పళ్ళెం, దాన్ని చెక్ ట్రే అనేవారు, పైకి లాగి చూడాలి. రెండు గంటలకి మేత మిగిలితే ఎక్కువ వేశామని, అరగంటకే ఖాళీ అయితే తక్కువని. మిగిలిన మేత అడుక్కి చేరి కుళ్ళితే తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. రొయ్యలు మీసాలు పైకి పెట్టి గట్ల వెంట తేలతాయి. ఆ వేళకి నీళ్ళలో గాలి కలిపే ఏరేటరు తిరగాలి, కరెంటు పోతే జనరేటరు తిరగాలి, దాంట్లో డీజిలుండాలి. ఈ మూడింట్లో ఒకటి తప్పినా తెల్లారేసరికి రెండు టన్నులూ అడుగునే.

పిల్ల చెన్నపట్నం నుంచో విశాఖ ఒడ్డు హేచరీల నుంచో ఆక్సిజన్ పట్టిన సంచుల్లో వచ్చేది. సంచిని అరగంట చెరువు నీళ్ళ మీద తేలనిచ్చి, చెంబుతో కొంచెం కొంచెం చెరువు నీళ్ళు కలిపి, ఉప్పూ వేడీ సరిపోయాక వదలాలి. తొందరపడి గుమ్మరించినవాళ్ళు మూడో రోజున చెరువులో ఏమీ లేదని పిల్ల అమ్మినవాడి మీద పడేవారు.

1994లో రొయ్యలకి తెల్లమచ్చ జబ్బు వచ్చింది. తలపెంకు లోపలివైపు మిల్లీమీటరో రెండో వెడల్పున తెల్లటి చుక్కలు. మేత మానేసి గట్టుకి చేరతాయి, వారం పది రోజుల్లో చెరువు మొత్తం పోతుంది. జబ్బు వైరస్‌దే గానీ, ఊళ్ళు దాటడానికి దారి మనమే వేశాం. అందరికీ ఒకటే మురుగు కాలవ, ఒకటే ఉప్పుటేరు. పైవాడు చచ్చిన చెరువు నీళ్ళు రాత్రికి రాత్రి వదిలేస్తాడు, కిందివాడు తెల్లవారి అదే నీటిని తోడుకుంటాడు. నీళ్ళు వచ్చే దారీ పోయే దారీ వేరుగా ఉండాలన్నది మన డెల్టా కాలవలకీ మురుగు డ్రెయిన్లకీ పాటించిన నియమమే. డెల్టావాళ్ళకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. తర్వాత 1996 డిసెంబరు 11న సుప్రీం కోర్టు తీర్పు వచ్చింది, తీరానికి 500 మీటర్ల లోపు చెరువులు తీసెయ్యమని. అప్పటికే చాలా చెరువులు ఎండిపోయి ఉన్నాయి.

స్కూటరుకి ఏళ్ళ తరబడి ఎదురుచూడ్డం పోయింది, పసుప్పచ్చ ఎస్టీడీ బోర్డులు వచ్చాయి, డిష్షులు లేచాయి. వాటి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఎండిన చెరువుల్ని తిరిగి వరికి తెచ్చినవాళ్ళ పని మాత్రం ఎవరూ రాయలేదు. ముందు గట్లు తవ్వి చదును చెయ్యాలి. జూన్‌లో మంచినీటి కాలవ రాగానే జానెడు నీళ్ళు పెట్టి, దమ్ము చేసి, రెండు మూడు రోజులు ఉంచి, ఉప్పు దిగిన నీటిని డ్రెయిన్లోకి వదిలెయ్యాలి. అలా మూడు సార్లు. పక్క చెరువు ఇంకా నడుస్తుంటే గట్టు కింద నుంచి ఉప్పు ఊరుతూనే ఉంటుంది, అప్పుడు సరిహద్దున లోతుగా కందకం తవ్వి ఊట నీటిని పట్టుకోవాలి. మొదటి ఏడు వరి వెయ్యకుండా పచ్చిరొట్ట చల్లి, పూత మొదట్లో కలియదున్నాలి. జనుము వెయ్యకండి, ఉప్పుకి నిలవదు. జీలుగ నిలుస్తుంది.